జాతీయం పుట్టుక తేల్చాలంటే గూగుల్ ఎన్‌గ్రామ్ ఎంతవరకు పనికొస్తుంది?

ఇంగ్లిష్ జాతీయాల వెనక తిరిగే కథల్ని సరిచూడటానికి గూగుల్ బుక్స్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ తేలికైన దారి. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. మాట కొడితే ఏ ఏడాది పుస్తకాల్లో ఎంత శాతం వాడారో గీత గీసి చూపిస్తుంది. ఒక మాట ఎప్పుడు జోరందుకుందో చూడటానికి ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఎప్పుడు పుట్టిందో చెప్పడానికైతే ఒక్కటే.

‘ద హోల్ నైన్ యార్డ్స్’ సంగతే చూడండి. ఏదీ వదలకుండా మొత్తం అని అర్థం. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల మెషిన్‌గన్ తూటాల బెల్టు 27 అడుగులు, అంటే తొమ్మిది గజాలు, అదంతా కాల్చేస్తే ఈ మాట పుట్టిందని బాగా ప్రచారంలో ఉన్న కథ. ఎన్‌గ్రామ్‌లో గీత పైకి లేచేది యుద్ధం అయ్యాకే కాబట్టి, కథ నిజమేనని అనిపించేస్తుంది. కానీ 1907లోనే ఇండియానా రాష్ట్రంలోని మిచెల్ అనే ఊరి పత్రిక, బేస్‌బాల్ ఆట గురించి రాస్తూ ‘ఫుల్ నైన్ యార్డ్స్’ అంది. 1912లో కెంటకీ పత్రిక మౌంట్ వెర్నన్ సిగ్నల్‌లో ‘హోల్ సిక్స్ యార్డ్స్’ ఉంది. ఆరు గజాలూ చెల్లినప్పుడు తొమ్మిదికి లెక్క వెతకడం దండగ. తూటాల బెల్టు కథా, కాంక్రీటు లారీలో తొమ్మిది ఘనగజాలు పడుతుంది కాబట్టి ఈ మాట వచ్చిందనే మరో కథా రెండూ పోయినట్టే. మన తొమ్మిది గజాల చీరకీ అందులో వాటా లేదు.

ఎన్‌గ్రామ్‌కి ఇది ఎందుకు దొరకలేదంటే, అది చూసేది పుస్తకాలనే, ఊరి పత్రికల్ని కాదు. పైగా కనీసం 40 పుస్తకాల్లో కనిపించని పదబంధాన్ని లెక్కలోకే తీసుకోదు. జాతీయాలేమో ముందు నోళ్లలో, తర్వాత చిన్న పత్రికల్లో నలిగి, చివరికి గానీ పుస్తకమెక్కవు.

వాడేటప్పుడు ముందు స్మూతింగ్‌ని సున్నా చేయండి. మామూలుగా అది 3 ఉంటుంది. అంటే ప్రతి ఏడాదికీ అటు మూడేళ్లు, ఇటు మూడేళ్లు కలిపి సగటు తీస్తుంది, దాంతో గీత అసలుకన్నా ముందే లేచినట్టు కనిపిస్తుంది. ఐదు పదాలు మించితే తీసుకోదు, కాబట్టి ‘లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్’ బదులు ‘క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్’ ఇవ్వాలి. ‘కిక్ ద బకెట్’ (చనిపోవడం అని అర్థం) లాంటివాటిలో క్రియ పక్కన అండర్‌స్కోర్ పెట్టి, పెద్దక్షరాల్లో ఐఎన్‌ఎఫ్ అని కొడితే కిక్డ్, కిక్స్, కికింగ్ కూడా వస్తాయి. అయితే నిజంగా బకెట్‌ని తన్నినవీ ఆ లెక్కలోనే కలుస్తాయి, వాటిని విడదీసే దారి లేదు.

గీత కింద ఇచ్చే పుస్తకాల లంకెలతో ఇంకా జాగ్రత్త. పత్రికల సంపుటాలకు ఒక్కోసారి మొదటి సంచిక వచ్చిన సంవత్సరమే తగిలించి ఉంటుంది. 1890 అని చూపిస్తే లోపల 1950ల నాటి ప్రకటన ఉండొచ్చు. పేజీ తెరిచి అచ్చయిన తేదీ చూడందే నమ్మకండి. తునక మాత్రమే చూపించే పుస్తకమైతే ఆధారంగా అసలు తీసుకోవద్దు.

పుట్టుక కోసమైతే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా మేలు. పాత పత్రికల పేజీలే చూపిస్తుంది, అదీ ఉచితమే. కెంటకీ ‘ఆరు గజాలు’ బయటపడింది అందులోనే. జాతీయాన్ని ఉన్నదున్నట్టు కొట్టి ఊరుకోకుండా అంకె మార్చి, ‘హోల్’ బదులు ‘ఫుల్’ పెట్టి కూడా వెతకండి. మసకబారిన అచ్చుని యంత్రం తప్పుగా చదివి ఉండొచ్చు, వరుస చివర మాట విరిగి ఉండొచ్చు. ఒక్కసారికి ఏమీ రాలేదని వదిలేయకండి.