గట్ టెస్ట్ కిట్: ఇన్‌హేలర్ వాడేవాళ్లు కొనే ముందు

నాకు సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు. పొద్దున ఇన్‌హేలర్, రాత్రి ఇన్‌హేలర్, మధ్యలో మెట్లెక్కితే ఆయాసం. పేగుల్లోని బ్యాక్టీరియాకూ ఊపిరితిత్తులకూ లంకె ఉందని చదివాక, నా పొట్టలో ఎవరెవరు కాపురముంటున్నారో చూడాలనిపించి ఈ కిట్ తెప్పించాను. ఐదు చుక్కలకు రెండు ఇస్తున్నా.

ఆ రెండూ ప్యాకింగ్‌కే. మలం శాంపిల్ తీయడమంటే ఎవరికైనా వెగటే. కానీ పరిచే కాగితం, గ్లౌజులు, పుల్ల, మందునీళ్లున్న గొట్టం అన్నీ వరుసగా సర్దారు. చేతికి ఏమీ అంటలేదు. ఆ నీళ్లలో డీఎన్ఏ చెడిపోదు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టే పని లేదు (ఇంట్లోవాళ్లు నాకంటే ఎక్కువ సంతోషించారు).

ఇక రిపోర్టు. రంగురంగుల వలయాలు, ఆకుపచ్చ బాణాలు, ఎర్ర బాణాలు. నా ఎర్ర బాణం స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా మీద పడింది. పక్కనే ‘శ్వాసకోశ రిస్కు ఎక్కువ’ అని ఓ ముక్క. దాని కింద వాళ్ల ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా నింపిన) క్యాప్సూల్స్ కొనుక్కోమని బటన్!

ఆ ముక్క గాల్లోంచి పుట్టలేదు. 2020లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ అనే సైన్సు పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకుల పేపర్ ఒకటి వచ్చింది. 28 మంది సీఓపీడీ రోగుల మలాన్ని 29 మంది ఆరోగ్యవంతుల మలంతో పోల్చారు. రోగుల్లో కొన్ని స్ట్రెప్టోకాకస్ జాతులు ఎక్కువగా కనిపించాయి. వాటిలో కొన్ని ఎక్కువున్నవాళ్లకు ఊపిరితిత్తుల పనితీరు తక్కువగా ఉంది. అయితే ఏది ముందు, ఏది వెనక అన్నది అంత చిన్న గుంపును చూసి తేల్చే విషయం కాదు.

నా అసలు కోపం ఫారం మీద. వయసు అడిగారు, బరువు అడిగారు, నిద్ర పడుతోందా అనీ అడిగారు. గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారా అని మాత్రం అడగలేదు. నేను రోజూ పాంటోప్రజోల్ వేసుకుంటాను. ఆ రకం మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. మామూలుగా ఆ ఆమ్లంలో చచ్చిపోవాల్సిన నోటి బ్యాక్టీరియా అప్పుడు బతికి పేగుల్లోకి దిగుతుంది. అందులో స్ట్రెప్టోకాకస్‌ది పెద్ద వాటా. యాంటీబయాటిక్స్ గురించీ అడగలేదు. కఫం ముదిరినప్పుడల్లా మాకు డాక్టర్లు రాసేవి అవే కదా, అవి పేగులను ఊడ్చేస్తాయి కదా! మరి ఆ ఎర్ర బాణం నా జబ్బుదా, నా మాత్రదా? చాట్‌లో అడిగితే, క్యాప్సూల్స్ లింకు మళ్లీ పంపారు.

‘పీచు పెంచండి’ అన్న సలహాతో నాకు పేచీ లేదు. పీచును పులియబెట్టి బ్యాక్టీరియా తయారుచేసే బ్యూటిరేట్, ప్రొపియొనేట్ లాంటి ఆమ్లాలు వాపును అదుపు చేసే దారుల్లో పనిచేస్తాయి. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో పీచు ఎక్కువ తిన్న చిట్టెలుకల్లో అలర్జీ వల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే వాపు తగ్గింది. కానీ అవి చిట్టెలుకలు, అది అలర్జీ. రిపోర్టు ఈ రెండు మాటలూ మింగేసి, మనలాంటివాళ్లకు అదే ఫలితం వస్తుందన్నట్టు రాసింది.

మా ఊపిరితిత్తుల డాక్టరు రిపోర్టు తిరగేసి పక్కన పెట్టి స్పైరోమెట్రీ రాశారు. మొదటి సెకనులో ఎంత గాలి వదలగలనో చెప్పేది అదేనట. మందులేవీ మార్చలేదు. క్యాప్సూల్స్ నేను కొనలేదు.

కుతూహలం కొద్దీ కొనేవాళ్లు కొనండి. మీ మాత్రలన్నీ ‘ఇతర వివరాలు’ గడిలో రాసి పంపండి, చదువుతారన్న హామీ నేనివ్వలేను.