గండికోటలో కొలతకు చేయించిన తలుపులు: నాలుగేళ్ల వాడకం తర్వాత

గండికోట లోపలి ఊరిలో మా పాత రాతి ఇంటికి తలుపులు కొలిపించి చేయించి నాలుగేళ్లు దాటింది. అలాంటి ఇల్లు ఉన్నవారికి గట్టిగా చెబుతున్నాను: దుకాణంలో తయారుగా దొరికే తలుపు జోలికి పోకండి.

మా వీధి ద్వారం పైన ఒక వెడల్పు, కింద ఒక వెడల్పు. గోడ చెక్కి సరిచేద్దామంటే, ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట. 2010 చట్ట సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, మరమ్మతుకూ అనుమతి కావాలి. కాబట్టి తలుపే గోడకు ఒదగాలి.

జమ్మలమడుగు నుంచి వచ్చిన వడ్రంగి వెడల్పును పైన, నడుమ, కింద విడివిడిగా కొలిచారు. మూల నుంచి మూలకు టేపు పట్టారు, దారానికి గుండు కట్టి వేలాడదీశారు. "ద్వారబంధం మూలమట్టానికే చేస్తానండీ, గోడ వంకరంతా పక్క సందులో సర్దుతాను" అన్నారు. ఆ సందును సున్నం, ఇసుక కలిపి పూడ్చారు. ఎంత చక్కటి పని! ఇప్పటికీ రెక్క చిటికెన వేలితో నెడితే కదులుతుంది.

అసలు పరీక్ష ఎండాకాలమే. నలభై డిగ్రీలు దాటే ఎండకు చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది. వీధి తలుపు టేకు పలకలను మేకులు, జిగురు లేకుండా గాడిలో వదులుగా కూర్చారు కాబట్టి ఒక్క బీట కూడా లేదు. వేరొకరు చేసిన పెరటి వేప తలుపుకు పలకలు మేకులతో బిగించడంతో రెండో వేసవికే జానెడు పొడవున పగిలింది. చెక్కలో లోపం లేదు, చెదలు కూడా ముట్టలేదు.

వానలకు రెక్క ఉబ్బి కాస్త పట్టేస్తుంది. అప్పుడే చిత్రిక పట్టించకండి, ఎండలు రాగానే సందు పడుతుంది. ఏటా అవిసె నూనె రాయండి, ముఖ్యంగా రెక్క పై అంచుకూ అడుగు అంచుకూ. నీరు ఎక్కువగా పీల్చేది అక్కడే. చాలామంది ముందువైపు మెరిపించి ఊరుకుంటారు.

ఖర్చు దుకాణం తలుపుకు దాదాపు రెట్టింపు అయింది, బాధ లేదు. నచ్చనిది ఒక్కటే, కొత్తగా కొన్న గొళ్ళెం. ఏడాదికే తుప్పు పట్టింది. దాన్ని తీసేసి, పాత తలుపుకున్న ఇనుప గొళ్ళేన్నే శుభ్రం చేయించి బిగించుకున్నాం.