పదేళ్లుగా వాడుతున్న పది పాయింట్ల గ్రేడింగ్: మన వైజాగ్ ఉప్పుగాలిలో ఎంతవరకు పనికొచ్చింది?

పాత కామిక్ చేతికి రాగానే నేను ముందు అట్ట చూడను. సరిగ్గా నడిమి పేజీ దగ్గర తెరిచి పిన్నులు చూస్తాను. మాది పెదవాల్తేరు. సముద్రపు గాలికి గేటు చువ్వలే నిలవవు, ఇక సన్నటి ఇనప పిన్ను ఎంత? పిన్ను చుట్టూ కాగితం టీ మరకలా గోధుమరంగుకు తిరిగిందంటే తుప్పు లోపలికి దిగినట్టే. ఇంకా ముదిరితే ఆ చోట కాగితం పెళుసెక్కి, పేజీ తిప్పగానే పిన్ను దగ్గర తెగి చేతిలోకి వచ్చేస్తుంది. అట్ట ఎంత మెరుస్తున్నా అలాంటి పుస్తకం స్థితికి నేను పదికి 3 దాటి ఇవ్వను.

అసలు ఈ అంకెల జోలికి మేము వెళ్లింది హుద్‌హుద్ తుఫాను తర్వాత. 2014 అక్టోబరు 12న మా కిటికీ అద్దాలు పగిలి, బీరువా పక్కన పెట్టిన అట్టపెట్టెలు రెండూ తడిసిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాను కింద ఆరబెట్టే దారి లేదు. నున్నటి అట్టలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీయబోతే ఒకదాని మీది బొమ్మ రెండోదానికి వచ్చేసింది. ఏవి పోయాయి, మిగిలినవి ఎలా ఉన్నాయి అని ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. అక్కయ్యపాలెం నుంచి ఒకరు, గాజువాక నుంచి ఇద్దరు, ఎంవీపీ కాలనీలో ఉండే రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, నేను. 2015 నుంచి ఐదుగురం ఆ నోట్‌బుక్ మీదే కొనుక్కుంటున్నాం, మార్చుకుంటున్నాం.

అమెరికాలో సీజీసీ అనే సంస్థ 2000 నుంచి ఈ పని చేస్తోంది. పుస్తకం పరిశీలించి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తుంది. 0.5 నుంచి 10 దాకా మొత్తం 25 మెట్లు. మాలో ఎవరమూ అక్కడికి పంపలేదు. మేము కొనే పుస్తకాల ధర కంటే రానుపోను పార్సిల్ ఖర్చే ఎక్కువ. పైగా సీలు వేశాక పుస్తకం తెరిచి చదవలేం, అది నాకు ససేమిరా నచ్చదు. అందుకని అంకెలు మాత్రం తెచ్చుకున్నాం. వాటిలో 9 నుంచి 10 మధ్యనే ఏడు మెట్లున్నాయి. పదేళ్లలో మా నోట్‌బుక్‌లో 9 దాటినది ఒక్కటీ లేదు. మా పుస్తకాలు చాలావరకు 2కీ 6కీ మధ్యే తిరుగుతాయి.

ఈ పద్ధతి వల్ల మాకు జరిగిన పెద్ద మేలు ఒకటుంది. 2017లో అక్కయ్యపాలెం స్నేహితుడు ఒక పాత ఇంద్రజాల్ కామిక్ అమ్మకానికి తెచ్చాడు, ఫాంటమ్ కథ. ఆ సిరీస్ 1964 మార్చిలో మొదలై 1990లో ఆగిపోయింది, కాబట్టి తొలి సంచికలకు గిరాకీ ఎక్కువ. నాకు అది కావాలి. ధర ముందే చెప్పడంతో నా కంటికి మచ్చలు తప్ప ఏమీ కనిపించలేదు, అతని కంటికి రంగులు తప్ప ఏమీ కనిపించలేదు. మాటా మాటా పెరిగింది. మాస్టారు పుస్తకం తన వైపు లాక్కుని, "ముందు అంకె రాయండి బాబూ, డబ్బు సంగతి తర్వాత" అన్నారు. అప్పట్నుంచి అదే నియమం. అమ్మేవాడు, కొనేవాడు కాక మిగిలిన ముగ్గురు చీటీల మీద విడివిడిగా అంకె రాస్తారు, మధ్య అంకె ఖాయం. ఆ తర్వాతే ధర మాట. ఆ ఫాంటమ్‌కు 4.5, 3.5, 4 వచ్చాయి. 4కి తీసుకున్నాను. ఈ రోజుకీ మా మధ్య మాట తేడా రాలేదు.

పేజీలు లెక్కపెట్టడం మాత్రం దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాను. వేరే ఊరి అమ్మకందారు ఒకరు 'మింట్ కండిషన్' (అచ్చం కొత్తదే) అని రాసి పంపిన పుస్తకంలో నడిమి షీటే లేదు. షీటు అంటే నాలుగు పేజీలు, కథలో అసలు యుద్ధం అంతా అక్కడే. డబ్బు వెనక్కి రాలేదు. ఇప్పుడు పేజీ తగ్గితే మా దగ్గర అది 0.5, ఇంకో మాట లేదు.

అమర్ చిత్ర కథ దగ్గర ఇంకో చిక్కు, ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చవడం. 'కృష్ణ'కు పాత వరసలో నంబరు 11, తర్వాతి ముద్రణల్లో 501. అట్ట మీద నంబరు, వెనక ఇచ్చిన పుస్తకాల జాబితా ఎక్కడిదాకా వచ్చింది, ధర ఎంత వేశారు అన్నవి మూడూ కలిపి చూడాలి. అంకె పుస్తకం స్థితిని చెబుతుంది గానీ అది ఏ ముద్రణో చెప్పదు, కాబట్టి ఆ వివరం పక్కన రాస్తాం.

ఈ గ్రేడింగ్ మీద నాకున్న అసలు ఫిర్యాదు బైండు పుస్తకాల గురించి. చందమామ కామిక్ కాదు, 1947 జులైలో మొదలైన కథల పత్రిక. కానీ మేమందరం వెతికేది అదే. మన ఇళ్లలో ఏడాది సంచికలు పన్నెండూ కలిపి బైండు చేయించేవారు. బైండరు మూడు వైపులా కోస్తాడు, వెన్నుకు దారం కుడతాడు. సీజీసీ లెక్క ప్రకారం అంచు కోయడం పెద్ద దోషం, అంకె అడుక్కి పోతుంది. మరి బైండు చేయించని సంచికలు ఏమయ్యాయి? బఠాణీల పొట్లాలయ్యాయి. కశింకోటలో ఉండిపోయిన వడ్డాది పాపయ్య గారు వేసిన ముఖచిత్రం చెక్కుచెదరకుండా ఉన్న బైండును 1.5 అనడానికి నాకు నోరు రాదు. అందుకే మా నోట్‌బుక్‌లో బైండుకు వేరే గడి ఉంది. కోతను పక్కనపెట్టి లోపలి కాగితానికీ అట్టకీ అంకె వేస్తాం, పక్కన 'బైండు' అని తప్పకుండా రాస్తాం.

కవర్ల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మందపాటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్లకు జిగురుగా మారి ఇంకును లాగేస్తాయి. కొత్త చొక్కాలకు వచ్చే లాంటి పాలీప్రొపిలిన్ కవర్లు చవకే, కానీ కొన్నేళ్లకోసారి మార్చాలి. పాలిస్టర్ కవరు ఖరీదెక్కువ, మంచివాటికి అదే వాడుతున్నాను. వెనక ఆసిడ్ లేని అట్ట, పెట్టెలో చెమ్మ పీల్చే సిలికా జెల్. నారింజ రంగు గుళికలు పచ్చబడితే చెమ్మ పట్టేసినట్టు. వానాకాలంలో మా ఇంట్లో చాలా తొందరగా పచ్చబడతాయి.

తుప్పు పిన్నులు తీసేయాలా వద్దా అన్నది మా ఐదుగురికీ ఇంకా తేలలేదు. కాగితాన్ని తినేసేదాన్ని అలాగే ఉంచడమేంటని నేను, పాత పిన్ను కూడా పుస్తకంలో భాగమేనని మాస్టారు. పోయిన నెల ఒక 2.5 పుస్తకానికి ఆయన ముందే కూర్చుని పిన్ను కాళ్లు సన్నటి రేకుతో మెల్లగా పైకి లేపి తీశాను. కాగితం చిరగలేదు. పాత కన్నాల్లోంచే తెల్ల దారం వేసి ముడి వేశాను. మాస్టారు ఏమీ అనలేదు. నోట్‌బుక్ తీసుకుని 2.5 పక్కన తన చేత్తోనే 'పిన్నులు తీసి దారం వేశాం' అని రాసి, తేదీ వేశారు.