స్విస్ సైనికుడి రెండు రైఫిళ్లు: స్టుర్మ్‌గెవేర్ 57, స్టుర్మ్‌గెవేర్ 90

రైన్ జలపాతం పక్కనున్న నాయ్‌హౌజెన్‌లో 1853లో రైలు బోగీల తయారీకి పుట్టిన కంపెనీ సిగ్. కొన్నేళ్లకే తుపాకుల్లోకి దిగింది. స్విస్ సైన్యానికి అది ఇచ్చిన ఈ రెండు రైఫిళ్లను (పేర్లలోని 57, 90 అంటే 1957, 1990 మోడళ్లు) పక్కపక్కన పెడితే, యుద్ధం గురించిన ఆలోచన ఎంత మారిందో తెలుస్తుంది.

57 బరువు దాదాపు 5.7 కిలోలు. కాల్చేది 7.5 మిల్లీమీటర్ల పాత శక్తివంతమైన తూటా, మ్యాగజైన్‌లో 24. రెండు కాళ్ల స్టాండును గొట్టం ముందుకైనా, మధ్యకైనా జరుపుకోవచ్చు. గ్రెనేడ్లూ పేల్చవచ్చు. మంచులో మందపాటి గ్లవ్స్‌తో కూడా నొక్కేందుకు దానికి పొడవాటి మడత ట్రిగ్గర్ ఉంది. కొండల్లో కాపలా కాసే మనిషి కష్టం తెలిసినవాళ్లే అలా ఆలోచిస్తారు. కానీ భుజాన మోయాలంటే మాత్రం భారమే.

90 దాదాపు 4.1 కిలోలే. తూటా చిన్నది, 5.6 మిల్లీమీటర్లు. వెనక భాగం పక్కకు మడిచేయవచ్చు. నాకు బాగా నచ్చింది దాని మ్యాగజైన్: పారదర్శకమైన ప్లాస్టిక్, ఎన్ని తూటాలు మిగిలాయో బయటికే కనిపిస్తుంది. పక్కనున్న బొడిపెలతో రెండు మూడు మ్యాగజైన్లను ఒకదానికొకటి తగిలించుకోవచ్చు.

గురిలో రెండూ గట్టివే. స్విట్జర్లాండ్‌లో 300 మీటర్ల షూటింగ్ పోటీల్లో రెండూ కనిపిస్తాయి. పడుకుని తీరిగ్గా కాల్చేవాళ్లకు 57 సుఖం. రిజర్వు సైనికులు ఆయుధాన్ని ఇంట్లోనే ఉంచుకుని, పిలుపు వస్తే మోసుకెళ్లే దేశమది. అందుకే నా ఓటు 90కే. 2000లో సిగ్ తన ఆయుధాల విభాగాన్ని అమ్మేసింది. ఇప్పుడు సిగ్ పాలు, జ్యూసుల అట్టపెట్టెల ప్యాకింగ్ కంపెనీ.