రిఫరెన్సుల పని జొటేరోకి అప్పగిస్తే: ఏళ్ల వాడకం తర్వాత

బయోకెమిస్ట్రీ చదివినవాళ్లెవరికైనా ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్–సుబ్బారో పద్ధతి తెలిసే ఉంటుంది. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రాసిన పేపర్ అది. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ, 66వ వాల్యూమ్, 375 నుంచి 400 పేజీలు. ఈ ఒక్క పేపర్‌నీ థీసిస్ చివరి రిఫరెన్సుల జాబితాలో ఏపీఏ స్టైల్లో (రిఫరెన్సులు రాసే పద్ధతుల్లో ఇదొకటి) రాయాలంటే రచయిత చివరి పేరు, కామా, ఇనీషియల్స్, బ్రాకెట్లో సంవత్సరం, జర్నల్ పూర్తి పేరు ఇటాలిక్‌లో, వాల్యూమ్ నంబరూ ఇటాలిక్‌లోనే, బ్రాకెట్లో ఉండే ఇష్యూ నంబర్ మాత్రం మామూలుగా, చివర డీఓఐ (ఆ పేపర్‌కి ఇచ్చిన శాశ్వత గుర్తింపు సంఖ్య) లింకు. వాంకూవర్ స్టైల్‌కి వస్తే ఇనీషియల్స్‌కి చుక్కలుండవు, జర్నల్ పేరు 'జె బయోల్ కెమ్' అని కుదించాలి, సంవత్సరం తర్వాత సెమికోలన్, ఇష్యూ తర్వాత కోలన్, వాటి మధ్య ఖాళీ ఉండకూడదు. ఐట్రిపుల్ఈ స్టైల్లో ఇనీషియల్స్ పేరు ముందుకొస్తాయి, టైటిల్‌కి కోట్స్ పడతాయి, సంవత్సరం చివరికి పోతుంది.

థీసిస్ అంటే ఇలాంటివి రెండు మూడు వందలు. పీహెచ్‌డీ రోజుల నుంచీ ఈ పనికి నేను జొటేరో అనే సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్నాను. థీసిస్, ఆ తర్వాతి పేపర్లు, ఇప్పుడు నా దగ్గర చేస్తున్న స్కాలర్ల డ్రాఫ్టులు, అన్నీ దాంట్లోనే నడిచాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కామాలు, చుక్కలు, ఇటాలిక్‌ల విషయంలో దాన్ని కళ్లు మూసుకుని నమ్మొచ్చు. రచయితల పేర్లు, టైటిళ్ల విషయంలో నమ్మకూడదు. చుక్కలు పెట్టేది అది, పేర్లు మాత్రం పబ్లిషర్ వెబ్‌సైట్‌లో ఎవరో ఎక్కించినవి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలోని చరిత్ర పరిశోధకులు 2006లో మొదలుపెట్టారు. అప్పట్లో ఫైర్‌ఫాక్స్‌కి తగిలించే ఎక్స్‌టెన్షన్ మాత్రమే, ఇప్పుడు విడి ప్రోగ్రామ్. 2008లో, ఇదే పని చేసే ఎండ్‌నోట్ అనే సాఫ్ట్‌వేర్‌కి అప్పటి యజమాని అయిన థామ్సన్ రాయిటర్స్, తమ స్టైల్ ఫైళ్లని జొటేరో చదివేస్తోందని ఆ యూనివర్సిటీ మీద కోటి డాలర్లకి దావా వేసింది. మరుసటి ఏడాది కోర్టు దాన్ని కొట్టేసింది. కామా ఎక్కడ పెట్టాలో చెప్పే ఫైలు మీద కోటి డాలర్ల గొడవ జరిగిందంటే ఈ పని ఎంతమందిని ఏడిపిస్తోందో ఊహించుకోండి.

పేపర్‌ని జొటేరోలోని మన లైబ్రరీలోకి ఎక్కించడం తేలిక. బ్రౌజర్లో జొటేరో కనెక్టర్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే పేపర్ తెరిచి ఉన్న పేజీలో ఒక్క క్లిక్ చాలు. డీఓఐ తెలిస్తే మంత్రదండం బొమ్మ నొక్కి అందులో అతికించినా వివరాలు వచ్చేస్తాయి, పది డీఓఐలు ఒకేసారి వేసినా తీసుకుంటుంది. పీడీఎఫ్‌ని లాగి పడేసినా చాలాసార్లు పోల్చుకుంటుంది కానీ, ఎప్పటిదో స్కాన్ చేసిన కాపీ అయితే చేతులెత్తేస్తుంది. నా స్కాలర్లకి గట్టిగా చెప్పే మాట ఒకటే: గూగుల్ స్కాలర్ వెతకడానికి వాడండి, ఎక్కించేటప్పుడు మాత్రం పబ్లిషర్ పేజీకో పబ్‌మెడ్‌కో (వైద్య, జీవశాస్త్ర పేపర్ల సూచిక) వెళ్లండి. గూగుల్ స్కాలర్ పేజీ నుంచి తీస్తే తరచుగా ఇనీషియల్సే వస్తాయి, డీఓఐ ఉండదు.

అసలు తంటా పేర్ల దగ్గర. ఏపీఏ, వాంకూవర్ లాంటివన్నీ ఇంటిపేరు చివర ఉండే దేశాల్లో పుట్టిన పద్ధతులు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఎక్కువగా ఒక్క అక్షరంగా కుదించుకుపోయి. ఎల్లాప్రగడ అనేది ఇంటిపేరు, సుబ్బారావు అనేది పెట్టిన పేరు. ప్రపంచం మాత్రం 'సుబ్బారో, వై.' అని రాస్తుంది. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని 'రావు, సి. ఆర్.' అనే ఉదహరిస్తారు. అది తప్పని అనను. ఆయా రచయితలు తమ పేపర్ల మీద వేసుకున్న రూపం అదే, దాన్ని మార్చే హక్కు మనకి లేదు. ఆ రూపం నిలకడగా లేనప్పుడే ఇబ్బంది మొదలవుతుంది.

దగ్గర్నుంచి చూద్దాం. లక్ష్మి అనే పేరు, వెనక పి. అని ఇంటిపేరు అక్షరం, పేపర్ మీద 'లక్ష్మి పి.' అని అచ్చయింది అనుకోండి. పబ్లిషర్ కంప్యూటర్‌కి చివర ఉన్నదే ఇంటిపేరు. కాబట్టి చివరి పేరు గడిలో 'పి', మొదటి పేరు గడిలో 'లక్ష్మి' పడతాయి. జొటేరో దాన్ని అలాగే తీసుకుని ఏపీఏలో 'పి, ఎల్.' అని అచ్చేస్తుంది. మనిషి మాయమై రెండక్షరాలు మిగిలాయి. ఒక స్కాలర్ డ్రాఫ్టులో ఇలాంటివి వరసగా కనిపిస్తే, "ఎవరమ్మా ఈ పి గారు?" అని అడిగాను. "సాఫ్ట్‌వేర్ అలాగే ఇచ్చింది సార్" అంది. రచయిత పేరు మీద రైట్ క్లిక్ చేస్తే మొదటి, చివరి పేర్లని అటూ ఇటూ మార్చే ఆప్షన్ ఉంది, రెండు సెకన్ల పని. ఏది ముందుండాలో తేలకపోతే ఆ రచయిత తన తర్వాతి పేపర్లలో తన పాత పేపర్‌నే ఎలా ఉదహరించుకున్నారో చూస్తాను. అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకేం కావాలి?

రెండోది ఇంకా తమాషా. ఏపీఏలో మామూలుగా వాక్యం మధ్యలో '(రావు, 2011)' అని రావాలి. ఉన్నట్టుండి '(కె. ఎస్. రావు, 2011)' అని వస్తుంది. చాలామంది ఇది సాఫ్ట్‌వేర్ లోపమనుకుని చేత్తో చెరిపేస్తారు. లోపం కాదు. జాబితాలో ఒకే చివరి పేరున్న వేర్వేరు రచయితలుంటే ఇనీషియల్స్ చేర్చి వేరు చేయాలన్నది ఏపీఏ నియమమే. మన దగ్గర రావులు, రెడ్లు, కుమార్‌లు తక్కువా? నిజంగానే ఇద్దరు రావులుంటే అది సరైన పనే చేసింది. కానీ ఎక్కువసార్లు జరిగేదేంటంటే, ఒకే మనిషి ఒక ఎంట్రీలో 'కె. ఎస్. రావు'గా, ఇంకో ఎంట్రీలో పూర్తి పేరుతో ఉంటాడు. జొటేరోకి వాళ్లిద్దరు. లైబ్రరీలో రెండు చోట్లా పేరు ఒకేలా సరిచేసి, వర్డ్‌లో రిఫ్రెష్ నొక్కితే ఇనీషియల్స్ వాటంతటవే పోతాయి.

టైటిళ్ల సంగతి కొంచెం చిన్నది. పబ్లిషర్లు కొందరు ప్రతి పదం మొదట్లో పెద్దక్షరం పెడతారు, ఇంకొందరు టైటిల్ మొత్తం పెద్దక్షరాల్లోనే ఇస్తారు. ఏపీఏకీ వాంకూవర్‌కీ మొదటి పదం, ఊళ్లూ మనుషుల్లాంటి పేర్లు తప్ప మిగతావన్నీ దాదాపుగా చిన్నక్షరాలే కావాలి. టైటిల్ మీద రైట్ క్లిక్ చేసి సెంటెన్స్ కేస్‌కి మార్చొచ్చు, కానీ దానికి గోదావరి నది పేరని తెలియదు కాబట్టి అందులోని 'జీ' అక్షరాన్ని కూడా చిన్నది చేసేస్తుంది. ఒకసారి కంటితో చూసుకోవాల్సిందే. లైబ్రరీలో టైటిళ్లని ఎప్పుడూ సెంటెన్స్ కేస్‌లోనే దాచుకోండి, ఎందుకంటే పెద్దక్షరాలు కావాల్సిన స్టైల్ వస్తే అదే మార్చుకుంటుంది, ఇటునుంచి అటు తేలిక, అటునుంచి ఇటు రాదు. బ్యాక్టీరియా పేర్లు ఇటాలిక్‌లో రావాలంటే టైటిల్ గడిలోనే ఆ పదానికి అటూ ఇటూ హెచ్‌టీఎంఎల్ ఇటాలిక్ ట్యాగ్ పెట్టాలి. కార్బన్ డయాక్సైడ్‌లో 2 కిందికి దిగడానికీ ఇదే దారి. వినడానికి మొరటుగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

వర్డ్‌లో వాడకం అలవాటైతే హాయి. ప్లగిన్ బటన్ నొక్కితే ఒక పెట్టె వస్తుంది, రచయిత పేరో టైటిల్లో ఓ పదమో కొడితే పేపర్ దొరుకుతుంది, ఎంటర్ కొడితే సైటేషన్ పడుతుంది, చివర జాబితా తనంతట తాను పెరుగుతుంది. ముగ్గురు గానీ అంతకు మించి గానీ రచయితలుంటే మొదటి పేరు తర్వాత ఎట్ ఆల్ (తదితరులు) పెట్టడం, జాబితాలో మాత్రం ఇరవై మంది వరకూ అందర్నీ రాయడం, ఇవన్నీ ఏపీఏ ఏడో ఎడిషన్ లెక్కలు, అవి మనం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పేజీ నంబర్ చేర్చాలన్నా, 'చూడండి' లాంటి మాట ముందు పెట్టాలన్నా ఆ సైటేషన్ మీద క్లిక్ చేసి అక్కడున్న గడుల్లోనే పెట్టాలి. పడ్డ సైటేషన్‌ని మామూలు అక్షరాల్లా దిద్దితే తర్వాతి రిఫ్రెష్‌లో గొడవే. ఫైలు వంద పేజీలు దాటితే ఒక్కో సైటేషన్‌కీ వర్డ్ నసుగుతుంది. డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ తీసేసి, రోజు చివర ఒకసారి రిఫ్రెష్ చేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఒక జర్నల్ తిప్పి పంపితే ఇంకో జర్నల్‌కి పంపుతాం కదా, అక్కడ దీని విలువ తెలుస్తుంది. స్టైళ్ల భాండాగారంలో పదివేలకు పైగా ఉన్నాయి. కావాల్సినది ఎంచుకుంటే డాక్యుమెంట్ అంతా ఆ రూపంలోకి మారిపోతుంది. అయితే ఒక మెలిక ఉంది. నంబర్ల స్టైల్లో మనం 'రావు తదితరులు [12] చూపినట్టు' అని రాస్తాం, పేరు మనం టైప్ చేసింది, నంబర్ జొటేరోది. దాన్ని ఏపీఏకి మారిస్తే 'రావు తదితరులు (రావు ఎట్ ఆల్., 2011) చూపినట్టు' అవుతుంది. ఒక్కో సైటేషన్‌లోకీ వెళ్లి, రచయిత పేరు వదిలేయమని టిక్ పెట్టాలి. ఇది ఏ సాఫ్ట్‌వేరూ మనకోసం చేయదు, వాక్యం మనది కాబట్టి. మన దగ్గర అచ్చయ్యే చిన్న జర్నళ్ల స్టైళ్లు చాలావరకు భాండాగారంలో ఉండవు. అలాంటప్పుడు వాళ్ల తాజా సంచికలో ఒక రిఫరెన్స్ జాబితా చూసి, దానికి దగ్గరగా ఉన్న స్టైల్ పెట్టి పంపుతాను. ఒక జర్నల్ సూచనల పేజీలో ఒక రకం, అదే పేజీలో ఇచ్చిన ఉదాహరణలో ఇంకో రకం ఉన్నాయి. ఉదాహరణనే పాటించాను, ఎవరూ ఏమీ అనలేదు.

నేను అనుకోకుండా ఎక్కువ వాడుతున్నది ఇంకోటుంది. 2019 నుంచి జొటేరో, వెనక్కి తీసుకున్న పేపర్ల లెక్క రాసే రిట్రాక్షన్ వాచ్ డేటాతో మన లైబ్రరీని సరిచూస్తోంది. మన దగ్గరున్న పేపర్‌ని జర్నల్ వెనక్కి తీసుకుంటే పైన ఎర్రటి పట్టీ వచ్చి చెబుతుంది, వర్డ్‌లో దాన్ని పెట్టబోతే మళ్లీ హెచ్చరిస్తుంది. ఇక ఈమధ్య ఏఐ చాట్‌లు తయారుచేసిన రిఫరెన్సులు డ్రాఫ్టుల్లోకి వస్తున్నాయి. రచయితలు నిజమైనవాళ్లే, జర్నల్ నిజమైనదే, పేపర్ మాత్రం ఎక్కడా లేదు. స్కాలర్ ఇచ్చిన జాబితాలోని డీఓఐలన్నీ మంత్రదండంలో వేస్తాను. కొన్ని దొరకవు, కొన్నిటికి సంబంధం లేని వేరే పేపర్ ఊడిపడుతుంది. ఆ తర్వాత మాట్లాడాల్సింది స్కాలర్‌తోనే. ఫార్మాట్ చక్కగా ఉన్న అబద్ధం అనుమానం రానివ్వదు, అందుకే ఈ సోదా పెట్టుకున్నాను.

ఉచితంగా ఇచ్చే ఆన్‌లైన్ చోటు 300 ఎంబీ. పీడీఎఫ్‌లు దాచుకునేవాళ్లకి అది ఏ మూలకీ చాలదు. రెండు జీబీకి ఏడాదికి 20 డాలర్లు. నేను కట్టలేదు. పీడీఎఫ్‌ల సింక్ ఆపేసి రిఫరెన్స్ వివరాలు మాత్రం సింక్ చేస్తున్నాను, వాటికి పరిమితి లేదు. డబ్బు మిగుల్చుకోవాలని జొటేరో డేటా ఫోల్డర్‌ని తీసుకెళ్లి డ్రాప్‌బాక్స్ లాంటి వాటిలో పెట్టకండి, డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉందని తయారుచేసినవాళ్లే చెబుతున్నారు. పేపర్ పంపేముందు సైటేషన్లకి జొటేరోతో ఉన్న లింకు తెంపమని (అన్‌లింక్) కొన్ని జర్నళ్లు అడుగుతాయి. అది కాపీ తీసుకున్న ఫైల్లోనే చేయాలి, ఒకసారి తెగిన సైటేషన్ మళ్లీ అతుక్కోదు. మీ యూనివర్సిటీ ఎండ్‌నోట్ కొనిచ్చి, మీ గైడ్ కూడా అదే వాడుతుంటే అందులోనే ఉండండి, మారాల్సినంత తేడా లేదు. సొంత డబ్బుతో కొనాల్సి వస్తే మాత్రం నేను కొనను.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకి ఇది సగమే పనికొస్తుంది. మా ఆవిడది తెలుగు సాహిత్యం. పేర్లు తెలుగు పద్ధతిలో ఇంటిపేరుతో మొదలై కామా లేకుండా రావాలంటే రెండు గడులకి బదులు ఒకే గడి ఎంచుకుని పూర్తి పేరు రాయాలి. 'గిడుగు వెంకట రామమూర్తి' అని పెడితే అలాగే వస్తుంది. కానీ ఇద్దరు తెలుగు రచయితల మధ్య ఇంగ్లిష్ 'అండ్' దూరుతుంది, ఎందుకంటే డాక్యుమెంట్ మొత్తానికీ భాష ఒక్కటే ఎంచుకోవాలి. తెలుగు గ్రంథాలు, ఇంగ్లిష్ గ్రంథాలు వేర్వేరు జాబితాలుగా కావాలని ఆవిడ గైడ్ గారి పట్టు. అలా విడగొట్టడం వర్డ్ ప్లగిన్‌కి రాదు. అందుకని తెలుగు పుస్తకాలన్నీ ఒక కలెక్షన్‌గా పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి బిబ్లియోగ్రఫీ తీసి, ఫైల్లో అతికిస్తోంది. ఒక్క పుస్తకం కొత్తగా చేరినా మళ్లీ తీసి అతికించాలి. ఆ 'అండ్'లన్నీ వెతికి తీసే పని మాత్రం నాకు ఒప్పజెప్పింది.