ట్రూన్ నార్త్‌లో కాపురం: ఇల్లు కొనేముందు చూడాల్సినవి

అరిజోనా రాష్ట్రం, ఉత్తర స్కాట్స్‌డేల్‌లో పినకిల్ పీక్ కొండ పక్కనున్న గోల్ఫ్ కాలనీ ట్రూన్ నార్త్. అసలు ట్రూన్ స్కాట్లాండ్ తీరంలోని ఊరు. అక్కడ 1973లో ఓపెన్ గోల్ఫ్ పోటీ గెలిచిన టామ్ వైస్కాఫ్, జే మోరిష్‌తో కలిసి ఇక్కడి మాన్యుమెంట్ గోల్ఫ్ కోర్సు రూపొందించాడు, 1990లో తెరిచారు. పోలిక దాదాపు అంతే. అక్కడ బంతిని నేలమీద దొర్లించి ఆడొచ్చు, ఇక్కడ రాళ్ళూ ముళ్ళూ దాటించి గడ్డి ఉన్నచోట దించాలి. ఇల్లు కొన్నంత మాత్రాన ఆడే హక్కు రాదు. ఆడిన రోజుకి రుసుము కట్టాల్సిందే, హెచ్ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) కిస్తీ వేరు.

మనవాళ్ళు తూర్పు వాకిలి కావాలని పట్టుబడతారు. అలాంటి ఇంట్లో వెనక పాటియో, పెద్ద గాజు తలుపులు పడమటికి తిరుగుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రాలు అక్కడ కూర్చోలేరు, ఏసీ ఆగదు. వెనకభాగం ఉత్తరానికో తూర్పుకో ఉన్న ఇల్లు వెతకండి. వాస్తుతో రాజీ మీరే కుదుర్చుకోండి.

కోర్సుని ఆనుకున్న ఇల్లయితే బంతుల లెక్క చూడాలి. కుడిచేతి ఆటగాళ్ళ గురితప్పిన దెబ్బలు ఎక్కువగా కుడివైపుకి వంగుతాయి. అందుకని మొదటి దెబ్బ కొట్టే చోటు (టీ) నుంచి 200–250 గజాల దూరంలో, ఫెయిర్‌వేకి (బంతి ఆడే గడ్డిబాటకి) కుడిపక్కనున్న ఇళ్ళకి దెబ్బలెక్కువ. స్టకో (సిమెంటు పూత) గోడమీద గుండ్రటి సొట్టలున్నాయేమో చూడండి. ఆ ఒక్క గోడకే కొత్తరంగు ఉంటే మరీ అనుమానించండి.

నీళ్ళలో ఉప్పులెక్కువ. ఆ ఉప్పుల్ని తగ్గించే సాఫ్ట్‌నర్ యంత్రం లేకపోతే గీజరు అడుగున సున్నం పేరుకుంటుంది, డ్రిప్ చుక్కగొట్టాలు మూసుకుపోతాయి. మొక్కలకి రోజూ పది నిమిషాలు నీళ్ళు వదలడం అందరూ చేసే పొరపాటు: తడి పైపైనే ఆగి, ఉప్పు వేళ్ళదగ్గర చేరి ఆకుల కొసలు మాడతాయి. చిన్న మొక్కలకి ఒక అడుగు, పొదలకి రెండు, చెట్లకి మూడడుగుల లోతు తడిసేలా పెట్టి, మళ్ళీ ఆరనివ్వాలి. సగువారో కాక్టస్‌కి రాష్ట్ర చట్టం రక్షణ ఉంది, మీ స్థలంలోదైనా సరే అనుమతి లేకుండా కదపకూడదు.

ఏసీ కెపాసిటర్లు (మోటారు తిరగడానికి తోడ్పడే విద్యుత్ భాగాలు) వేసవి మధ్యలోనే పోతాయి, వేడికి అవి తట్టుకోవు. మే నెలలోనే పరీక్ష చేయించండి. వానాకాలంలో ఏసీ నీళ్ళు పోయే గొట్టంలో పాచిపట్టి అడ్డుపడుతుంది.

తేళ్ళ విషయం దాచేవాళ్ళే ఎక్కువ. బార్క్ తేలు గోడలెక్కుతుంది, సన్నటి సందులోంచి కూడా దూరుతుంది. రాత్రి అతినీలలోహిత టార్చి వేస్తే పచ్చగా మెరుస్తుంది. తలుపుల కింద రబ్బరు పట్టీ వేయించండి. గోడ అడుగునున్న తడిపోయే సందుని మాత్రం సీలెంటుతో మూయకండి, గోడలో చెమ్మ నిలుస్తుంది, రాగిజాలీ కూరండి.

శీతాకాలం పచ్చదనానికి సెప్టెంబరు చివర, అక్టోబరుల్లో వేసవి గడ్డి బెర్ముడా మీద రై గడ్డి విత్తుతారు. ఆ వారాల్లో కోర్సు మూసుంటుంది. కరివేపాకు కుండీలోనే పెంచండి. మంచు పడే రాత్రి లోపలికి తేవాలి. మరికోపాలోని మహాగణపతి గుడికి కారులో గంట పైనే పడుతుంది.