గడప దగ్గర సంచి, అంగడి ముందు పెట్టె

అనంతపురంలో పేదల కోసం నడిచే ఆహార నిల్వ కేంద్రాలకు సరుకులు కూర్చాలంటే యువకులు ఇంటింటికీ తిరగవచ్చు, లేదా కిరాణా అంగళ్ల ముందు పెట్టెలు ఉంచవచ్చు. పెట్టెలో ఎక్కువగా సీలు విప్పని ప్యాకెట్లే పడతాయి కనుక గడువు తేదీ చూసి సర్దడం సులువు. ఇంటింటి సేకరణలో సోనా మసూరి, రేషన్ బియ్యం ఒకే సంచిలో కలిస్తే, ఉడికే సమయంలో తేడా వల్ల అన్నం కొంత మెత్తబడి కొంత పలుకుగా మిగులుతుంది; అందుకే రెండు సంచులు వెంట ఉండాలి. అయినా నా మొగ్గు ఇంటింటి సేకరణకే. తలుపు తట్టినప్పుడే, గింజలిచ్చే ఇంటితోపాటు, చౌకదుకాణం దాకా నడవలేని ఒంటరి వృద్ధురాలూ కంటబడుతుంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రాధాన్య కుటుంబాల్లో (రేషన్‌కు అర్హులుగా ప్రభుత్వం గుర్తించినవి) ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ఆహార ధాన్యాన్ని హక్కుగా ఇచ్చింది గానీ, పప్పూ నూనే ఆ హక్కులో లేవు. వాటిని నోరు తెరిచి అడగగలిగేది గడప దగ్గరే.